అరగంటలో వస్తానన్న గొంతు

టీవీలో తన కథ వస్తోందని దరువు తనంతట తాను ఎవరికీ చెప్పుకోలేదు గానీ, చెప్పినవాళ్లను ఆపనూ లేదు. ఒకప్పుడు నలుగురు స్నేహితులు కలిసి పార్టీల్లో ఎవరెవరివో పాటలు వాయించి పొట్టపోసుకున్న బ్యాండు కథ అది. అతను డ్రమ్స్ వాయించేవాడు, ఆ పేరు అలా అతుక్కుపోయింది. బ్యాండు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యాక ఫర్నిచర్ షాపులో మంచాలూ బీరువాలూ బిగించే పనిలో చేరాడు. పాటగాడు మాత్రం టీవీలోకి దూరాడు. ఎవరి గొంతునైనా ఇట్టే పట్టేస్తాడని వాడిని అందరూ చిలక అనేవాళ్లు. ఆ చిలకే పాత ముచ్చట్లన్నీ పోగేసి ‘అద్దె పాటలు’ అని ఒక కామెడీ సీరియల్ తయారుచేశాడు. పాటగాడి వేషం తనే వేసుకున్నాడు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి వస్తుంది.

అందులో డ్రమ్మరు తిండిపోతు, పైగా మొద్దు. షాపులో తోటివాళ్లు స్క్రూడ్రైవర్లతో బల్లల మీద దరువేసి అతన్ని ఏడిపించేవాళ్లు. దరువు నవ్వేసి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేది. తన బతుకులోనూ చెప్పుకోదగ్గది ఏదో ఉందని ఒక్కడైనా అనుకున్నాడు కదా!

ఎనిమిదో భాగం చూడ్డానికి అతని భార్య వదినగారిని పిలిచింది. అంటే దరువు అక్కని. అమ్మ పోయిన ఆరేళ్ల నుంచీ అక్క అంటీముట్టనట్టే ఉంటోంది. వస్తుంది, మేనకోడలికి కుట్టిన గౌను ఇస్తుంది, మరదలితో నాలుగు కబుర్లు చెబుతుంది, తమ్ముడి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఊఁ, ఆఁ. ఆఖరి చూపుకు అందలేదని కోపమేమో అని అతను సర్దిచెప్పుకున్నాడు. కానీ తన తప్పేముంది? స్టేజీ దగ్గర ఫోన్ మోగితే స్పీకర్లు గర్రుమంటాయని, ఎక్కేముందు అందరూ ఫోన్లు చిలక పెట్టెలో పడేయడం వాళ్ల పద్ధతి. ఆ రోజు పార్టీ ముగిశాకే చిలక ఫోన్ చేతిలో పెట్టి, ఇంటి నుంచి పిలుపొచ్చింది, వెళ్లమన్నాడు. వెళ్లేసరికి అంతా అయిపోయింది.

సీరియల్ మొదలైంది. డ్రమ్మరు ఊగిపోతూ వాయిస్తున్నాడు. తెర వెనక పెట్టెలో అతని ఫోన్ మోగింది. పాటలో గొంతు అక్కర్లేని చోట పాటగాడు ఖాళీగా ఉన్నాడు. ఫోన్ తీసి, అచ్చం డ్రమ్మరు గొంతుతో, “బయల్దేరా, అరగంటలో వస్తున్నా” అన్నాడు. అవతల డ్రమ్మరు నాయనమ్మ. పోతున్న ప్రాణాన్ని పళ్లబిగువున పట్టుకుని మనవడికి అప్పగింతలు మొదలుపెట్టింది. గొడుగు మర్చిపోకు, గ్యాస్ కట్టేశానో లేదో చూడు, నా దుప్పటి లాండ్రీలో ఉంది తెచ్చుకో. ఒక్కోదానికీ పాటగాడు మొద్దు గొంతుతో ఆఁ అంటుంటే, టీవీలో జనం విరగబడి నవ్వారు. ఇక్కడ సోఫాలో భార్యా నవ్వింది, కూతురూ నవ్వింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు పెద్దలు.

అక్క లేచి టీవీ కట్టేసింది.

“ఆ రోజు నాతో మాట్లాడింది నువ్వు కాదా?” అని అడిగింది.

“ఏ రోజు?” అన్నాడు దరువు.

ఆరేళ్లుగా కడుపులో దాచుకున్నదంతా అక్క అప్పుడు బయటపెట్టింది. ఆసుపత్రి నుంచి తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడి గొంతే పలికింది, అరగంటలో వస్తున్నానంది. ఆ ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టి, నర్సు కోసం వరండాలోకి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి అమ్మ ఫోన్లో ఏదో చెప్పడం ముగించి కళ్లు మూసుకుంది. మొహం తేటగా ఉంది. ఆ తర్వాత పెదవి విప్పలేదు, రెండు గంటల తర్వాత పోయింది. వస్తానని తల్లికి మాటిచ్చి డ్రమ్ముల ముందు నుంచి లేవలేకపోయాడు, వీడూ ఒక కొడుకేనా అని అక్క పళ్లు నూరుకుంది. అమ్మ చివరిగా ఏమందో అని కూడా అడగలేదు. అది తల్లీకొడుకుల మధ్య మాట, ఎంత పనికిమాలినవాడైనా దాన్ని భద్రంగా దాచుకుని ఉంటాడులే అనుకుంది.

ఇప్పుడు ఆ మాట ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలిసిపోయింది.

“ఎందుకు చేశాడో నాకనవసరం. వెళ్లి అమ్మ ఏమందో కనుక్కుని రా. అదొక్కటే నాకు కావాలి” అంది అక్క.

మర్నాడు దరువు షాపుకు సెలవు పెట్టి షూటింగు దగ్గరికి వెళ్లాడు. మూడు గోడల పార్టీ హాలు, గోడలకు రంగు బుడగలు, బల్లల మీద అన్నీ ఖాళీ కప్పులే. ఎదురుగా నలభై కుర్చీల్లో కూలికి నవ్వడానికి వచ్చిన జనం. ఒకాయన చెయ్యి ఎత్తితే నవ్వుతున్నారు, దించితే ఆపుతున్నారు. ఎక్కడ కొట్టాలో బస్సులోనే నిర్ణయించుకుని వచ్చాడు దరువు. చిలక ఎదురొచ్చి కౌగిలించుకోబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు.

విషయం విని సంజాయిషీ మొదలుపెట్టాడు. పాట సగంలో ఆగిపోతే మళ్లీ మనల్ని పిలిచే నాథుడు ఉండేవాడా అన్నాడు. ఆవిడకు ప్రాణం మీదికొచ్చిందని తనకేం తెలుసన్నాడు. తర్వాత చెబుదామనే అనుకున్నాడట, చెప్పే మొహం లేకపోయిందట. చెప్పే మొహం లేనివాడు ఊళ్లో ప్రతి టీవీలోనూ చెప్పాడు మరి.

“అవన్నీ వద్దు. మా అమ్మ నీతో ఏమంది?” అన్నాడు దరువు.

చిలక నోరు తెరిచాడు. గొడుగు తెచ్చుకోమంది అన్నాడు. వెంటనే కాదన్నాడు, గొడుగు సంగతి రచయిత కలిపాడట. గ్యాస్ సంగతి మొదట్లో నలుగురిలో చెప్పేటప్పుడు నవ్వు కోసం తనే చేర్చాడట. దుప్పటి మాట అయి ఉండొచ్చన్నాడు, మళ్లీ తల అడ్డంగా ఊపాడు.

“ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదురా. చెప్పినప్పుడల్లా కాస్త మారింది. నిజంగా ఆవిడ ఏమందో నాకు గుర్తులేదు.”

పుట్టి బుద్ధెరిగాక చిలక చెప్పిన నిజం అదొక్కటే అయ్యుంటుంది. ఈ ఒక్కసారికి అబద్ధమాడినా బాగుండేది.

దరువు వాడి చొక్కా పట్టుకున్నాడు. చెయ్యి లేచింది. భయపడ్డాడో, జాలిపడ్డాడో, ఆ క్షణంలో చిలక నోటి నుంచి వేరే గొంతు వచ్చింది.

“ఇంతసేపా నాన్నా? చూడు, చొక్కా అంతా ఎలా తడిసిపోయిందో.”

అమ్మ. మాట మధ్యలో ఊపిరి అందని ఆ చిన్న విరుపు, నాన్నా అన్న చోట ఆ సాగదీత, అన్నీ ఉన్నాయి. బ్యాండు రోజుల్లో చిలక ఆవిడ వంటింట్లోనే ఆవిడ గొంతు అనుకరిస్తే, ఆవిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వేది. దరువు ఆ గొంతు విని ఆరేళ్లయింది. అతని దగ్గర క్యాసెట్లూ సీడీలూ డబ్బాల నిండా ఉన్నాయి, అన్నీ పరాయివాళ్ల పాటలే. అమ్మ గొంతు ఒక్క ముక్క కూడా లేదు.

ఎత్తిన చెయ్యి కిందికి దిగింది. ఇదంతా రిహార్సల్ అనుకుని నలభైమందీ ఒక్కసారిగా నవ్వారు.

ఆ మాట అమ్మది కాదు, ఈ వెధవ అప్పటికప్పుడు అల్లిందని అతనికి తెలుసు. ఇంటి దగ్గర అక్క గుమ్మంలోనే కూర్చుని ఉంటుందనీ తెలుసు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చొక్కా వదల్లేదు.

“ఇంకోసారి అను” అన్నాడు.