మెడకు గుడ్డ కట్టని మాట

అతను తనకు తాను పెట్టుకున్న పేరు పిడుగు. ర్యాప్ పాడేవాడికి ఆ పేరు బాగానే ఉంటుంది, కాదనను. కాని పాట ఊపందుకున్నప్పుడల్లా ఎదురుగా నిలబడ్డవాళ్ళ మొహాలు తడుస్తుంటే జనం ఊరుకుంటారా? తుంపర అన్నారు. అదే ఖాయమైపోయింది.

తుంపర వెనక ఏ కంపెనీ లేదు. తనే రాస్తాడు, తనే పాడతాడు, సెలూన్ వెనకగదిలో తువ్వాళ్ళ బీరువాలో తల దూర్చి తనే ఫోన్లో రికార్డు చేసుకుంటాడు, తనే నలుగురికీ పంపుతాడు, మొదటి లైకు కూడా తనే కొట్టుకుంటాడు. పాటలన్నీ లోకాన్ని బాగుచేసేవే. ఒకటి చెత్తకుప్ప మీద, ఒకటి బస్సులో తోపులాట మీద. ప్రేమ పాట ఒక్కటీ లేదు. అడిగితే, "లోకం ఇలా తగలడుతుంటే ప్రేమేంటన్నా?" అంటాడు. ఏ పిల్లా అతని వంక చూడలేదన్న సంగతి వేరే.

కడుపు నింపే పని మాత్రం మేనమామ సెలూన్లో. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, ఒక బెంచీ, అద్దాల పైన చిన్న మేకుకి ఒక స్పీకర్. మొదటి కుర్చీ మామయ్యది, రెండోది తుంపరది. బెంచీ మాత్రం పక్క దుకాణం టైలరుది. అతని తల మీద భూతద్దం పెట్టి వెతికినా వెంట్రుక దొరకదు. అయినా సెలూన్ తెరవగానే పేపరు విప్పుకుని అక్కడే కూర్చుంటాడు.

కొత్త పాట తయారైనప్పుడల్లా తుంపర చేసే పని ఒకటుంది. కుర్చీలో కూర్చున్నవాడి మెడకు గుడ్డ బిగించి, చెంపలకి నురగ పట్టించి, పాట పెట్టి, గొంతు మీద కత్తి ఆనించి, "ఎలా ఉందన్నా?" అని అడుగుతాడు. బాగోలేదని ఎవడంటాడు చెప్పండి? ప్రాణం మీద ఆశ వదులుకున్నవాడా? అందరూ బ్రహ్మాండం అనేవారు, అది కూడా పెదవులు కదపకుండా. తుంపర పొంగిపోయేవాడు.

కొత్త పాట నీళ్ళ మీద. వీధి కుళాయిల్లో నీళ్ళు రాక చాలా రోజులైంది. వింతేంటంటే ఆ నీళ్ళే మూల మలుపులో రోడ్డు మీద పారుతున్నాయి. నీళ్ళ ఆఫీసుకి ఎవరు ఫోన్ చేసినా ఒకటే జవాబు. తుంపర ఆ జవాబునే పల్లవి చేశాడు.

"కుళాయి తిప్పితే గాలి, బిందె మోగితే ఖాళీ,
రోడ్డు మీద చూస్తే ఏరు, ఇంట్లో లేదు చుక్క నీరు,
ఫోను చేస్తే ఏమన్నారు?
చూస్తున్నాం, చూస్తున్నాం!"

రెండో చరణం ఇంకా ఘాటు.

"పాత పైపు పగిలిపోయె, సారు కునుకు తీరదాయె!"

కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ అద్భుతమన్నాడు. మామయ్యకి ఒళ్ళు మండింది.

"ఒరేయ్ అల్లుడూ, మెడకి గుడ్డ కట్టినవాడి మాట మాటే కాదురా," అన్నాడు, కత్తిని తోలుపట్టీ మీద సానపడుతూ.

"మరి బాగుందని ఎందుకన్నారు మామయ్యా?"

"బతకాలని. ఇదిగో, ఆదివారం దాకా గడువు. గుడ్డ కట్టనివాడు ఒక్కడు, ఒకే ఒక్కడు, నీ పాట చివరిదాకా విని నిజం మాట చెప్పి బాగుందంటే ఆ స్పీకర్ నీది. పొద్దస్తమానం మోగించుకో. లేదంటే దాన్ని దించి అటక మీద పడేస్తాను. ఆ తర్వాత ఈ కొట్లో కత్తెర చప్పుడు తప్ప నీ నోటి చప్పుడు వినపడకూడదు."

"సరే," అన్నాడు తుంపర రోషంగా. అనేశాడు గాని లోపల భయమే. ఆ స్పీకర్ తప్ప అతనికి వేరే వేదిక లేదు. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. మామయ్య చెప్పేది నిజమైతే ఇన్నాళ్ళూ తన పాట విన్నవాడే లేడన్నమాట.

ముందు అమ్మకి వినిపించాడు. "బాగుంది నాన్నా, గొంతు బొంగురుపోయింది, ఉప్పునీళ్ళు పుక్కిలించు," అంది. మామయ్య ఒప్పుకోలేదు. "మా అక్క మాట చెల్లదు. కన్నపేగు ఉందే, అది గుడ్డకన్నా గట్టిగా బిగుసుకుంటుంది." స్నేహితులకి పంపితే పాట సగమైనా అవకముందే నిప్పుల బొమ్మలు పంపి, సాయంత్రం గడ్డాలు చేయించుకోడానికి వరసగా వచ్చారు. గుడ్డ విప్పిన తర్వాత అడుగుదామంటే ఒక్కడూ ఆగడు. కత్తి దూరమవగానే అభిప్రాయం కూడా చెప్పులేసుకుని వెళ్ళిపోయేది.

టైలరుని అడిగాడు. "నాకు జుట్టే లేదు, నన్నెందుకు ఇరికిస్తావు?" అని అతను పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం వచ్చేసింది. పొద్దున్నే డ్రమ్ములో నీళ్ళు అడుగంటాయి. మామయ్య బకెట్లు పట్టుకుని పక్క వీధికి బయల్దేరుతూ, "బేరం వస్తే చూసుకో. సాయంత్రం స్పీకర్ దించడానికి స్టూలు కూడా తుడిచి పెట్టుకో," అని పుండు మీద కారం చల్లి మరీ వెళ్ళాడు.

ఆయన అలా వెళ్ళగానే ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మొహాన బోలెడు చిరాకు. తుంపర ఎప్పుడూ చూడలేదు. గడ్డం చెయ్యమని మామయ్య కుర్చీలో కూర్చున్నాడు. తుంపర గుడ్డ కట్టాడు, ఉన్న కాసిని నీళ్ళతో నురగ తీశాడు, రెండు చెంపలకీ పట్టించాడు. అలవాటున చెయ్యి స్పీకర్ మీదకి పోయింది. పందెం ప్రకారం ఇతని మాట చెల్లదని తెలుసు. అయినా చెయ్యి ఊరుకుంటుందా?

పాట మొదలైంది. బెంచీ మీద టైలరు గతుక్కుమన్నాడు. తుంపరకి కన్ను కొట్టాడు. తుంపర తిరిగి కన్ను కొట్టాడు. టైలరు దగ్గాడు, తల అడ్డంగా ఊపాడు, వీధి కుళాయి వైపు వేలు చూపించి, ఆ వేలినే తన గొంతు మీద అడ్డంగా గీసుకున్నాడు. కుళాయి పాటకి గొంతు సరిగ్గా కుదిరిందంటున్నాడనుకుని తుంపర గుండెల మీద చెయ్యేసుకుని దణ్ణం పెట్టాడు. టైలరు నెత్తిన కొట్టుకుని పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు.

ఒక చెంప నున్నగా అయింది. కత్తి దవడ కిందికి వచ్చేసరికి పాట చివరి 'చూస్తున్నాం' దగ్గర ఆగింది.

"ఎలా ఉంది సార్?"

"దరిద్రంగా ఉంది," అన్నాడు పెద్దమనిషి.

తుంపర చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ కుర్చీలో అలాంటి మాట అతను ఎన్నడూ వినలేదు. "ఏమన్నారు సార్?"

"కత్తి తియ్యి, ఇంకోసారి చెప్తాను." తుంపర తీశాడు. "దరిద్రంగా ఉంది! ఆ కునుకు తీసే సారుని నేనే. నీళ్ళ ఇంజినీర్ని. బదిలీ మీద వచ్చి నెల కాలేదు, అప్పుడే నా మీద పాటలా? మొహం కడుగు, నేను పోతాను."

తుంపర డ్రమ్ములో చెంబు ముంచాడు. చెంబు అడుగుకి తగిలి ఠంగుమంది. స్ప్రే సీసా నొక్కితే గాలి దగ్గింది. సగం మొహాన నురగ ఎండి చిటపటలాడుతుంటే ఇంజినీరు చూస్తూ కూర్చున్నాడు.

"నీళ్ళు లేవు సార్," అన్నాడు తుంపర నసుగుతూ. "అంటే... పాటలో చెప్పాను కదండీ."

ఇంజినీరు జేబులోంచి ఫోన్ లాగాడు. చెవికి పెట్టుకుంటే నురగ అంటుతుందని స్పీకర్ ఆన్ చేసి అద్దం ముందు బల్ల మీద పెట్టాడు. ఆదివారం డ్యూటీలో ఉన్న గుమస్తా ఎత్తాడు.

"ఈ మలుపు వీధికి వెంటనే ట్యాంకరు పంపించు," అన్నాడు ఇంజినీరు.

"చూస్తున్నామండీ, చూస్తున్నాం," అంది ఫోను, ఆవలిస్తూ.

ఆ ఇస్త్రీ చొక్కా కుట్టింది టైలరే. పేపరు వెనక అతని భుజాలు కదులుతున్నాయి.

"ఏంటయ్యా చూసేది? మాట్లాడుతున్నది ఎవరనుకున్నావు?"

"ఎవరైనా ఒకటేనండీ. చూస్తున్నాం."

టైలరు ఇక ఆపుకోలేకపోయాడు. పేపరు జారిపోయింది. పడీపడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు. తుంపర పళ్ళు బిగించి నవ్వు మింగుతుంటే కన్నీళ్ళొచ్చాయి. ఆ సమయానికే మామయ్య రెండు బకెట్లతో గుమ్మంలోకొచ్చి, కుర్చీలో సగం గడ్డంతో, సగం నురగతో ఉన్న మనిషిని చూసి, "ఏం కొంప ముంచావురా?" అన్నాడు.

ఇంజినీరు లేచి, బకెట్లోంచి దోసిలితో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కున్నాడు. మెడ మీది గుడ్డ లాగేసి కుర్చీలో పడేశాడు. సగం గడ్డంతోనే గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"పైపు పాతదీ కాదు, పగలనూ లేదు. వాల్వు సగం మూసుకుని ఉంది. నీళ్ళు ముందుకి పోలేక అతుకులోంచి పైకి తన్నుకొస్తున్నాయి. తిప్పి తెరుద్దామంటే దాని మూత మీద నుంచి కొత్త రోడ్డు వేసేశారు. తవ్వాలంటే రోడ్ల ఆఫీసు ఒప్పుకోవాలి. వచ్చిన రోజు నుంచీ వాళ్ళ చుట్టూ తిరుగుతున్నాను. వాళ్ళేమంటున్నారో తెలుసా?"

"చూస్తున్నామంటున్నారా?" అన్నాడు టైలరు, ఆశగా.

ఇంజినీరు టైలరు వంక కొరకొరా చూశాడు. "పాడేవాడివి కనుక్కుని పాడవయ్యా," అని తుంపరతో అని వీధిలో పడ్డాడు. ఎండలో ఒక చెంప మెరుస్తూ, ఒక చెంప మాసి, ఆయన వెళ్తుంటే ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు.

తుంపరకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నిజం పాడతానని ఊరంతా చెప్పుకు తిరిగినవాడు పది అంగలేసి ఆ మలుపులోకి వెళ్ళి చూడలేదు! మాట్లాడకుండా స్టూలు తెచ్చి, ఎక్కి, స్పీకర్ మీద చెయ్యి వేశాడు.

"దిగరా," అన్నాడు మామయ్య.

"ఓడిపోయాను కదా మామయ్యా. దరిద్రంగా ఉందన్నాడు."

"గొంతు మీద కత్తి ఉండగా అన్నాడా, తీశాక అన్నాడా?"

"ఉండగా అన్నాడు. తీశాక కూడా అన్నాడు."

మామయ్య బకెట్లు డ్రమ్ములో గుమ్మరించాడు. "నా సర్వీసులో అలాంటి మగాణ్ణి చూడలేదురా. వాడు రెండో చరణం తప్పన్నాడు. మొదటిదాన్ని ఏమన్నా అన్నాడా?"

"లేదు."

"పల్లవిని?"

"దాన్ని వాళ్ళ గుమస్తానే పాడాడు," అన్నాడు టైలరు.

"మరి? ఇన్నాళ్ళకి నీ పాటని చరణాలతో సహా విన్నవాడు ఒకడు దొరికాడు. వాడి కోసం గడువు పొడిగించాను. దిగి ఆ తప్పు దిద్దుకో ముందు."

తుంపర అప్పుడే మలుపులోకి పరిగెత్తాడు. రోడ్డంతా మడమతో తడుతూ పోతే ఒకచోట డొల్లగా మోగింది. దాని చుట్టూ చాక్‌పీసుతో పెద్ద సున్నా చుట్టాడు. ఆ చాక్‌పీసు టైలరు దగ్గర అడుక్కున్నదే. తిరిగొచ్చి తువ్వాళ్ళ బీరువాలో తల దూర్చాడు.

"పైపు మంచిదే, సారు మంచోడే, మూత మీద తారు పోశారు,
ఎవరు పోశారంటే రోడ్లవాళ్ళకేసి వేలు చూపిస్తారు,
వాళ్ళనడిగితే ఏమన్నారు?
చూస్తున్నాం, చూస్తున్నాం!"

ప్రాస కొంచెం కుంటింది. తుంపరకీ తెలుసు. మామయ్య మాత్రం ఆ పాటని కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా మోగించాడు. బిందెలవాళ్ళు పల్లవి నేర్చుకున్నారు. ఎవరో పాట వెనక చాక్‌పీసు సున్నా ఫొటో పెట్టి ఊరంతా పంపారు. జనం రోడ్ల ఆఫీసుకి ఫోన్ చేసేవారు. అవతలివాడు నోరు తెరవకముందే వీళ్ళే కోరస్‌గా, "చూస్తున్నాం, చూస్తున్నాం" అని అందుకునేవారు. పాపం, రోడ్లవాళ్ళకి చెప్పడానికి వేరే మాట మిగల్లేదు. ఆ పాటకే తవ్వారో, ఇంజినీరు పోరు పడలేక తవ్వారో నేను చెప్పలేను గాని, ఒకరోజు మనుషులొచ్చి సరిగ్గా ఆ సున్నాలోనే తవ్వారు. మధ్యాహ్నానికి కుళాయిలు దగ్గి, బురద కక్కి, నీళ్ళిచ్చాయి.

మర్నాడు ఇంజినీరు వచ్చాడు. మామయ్య కుర్చీ ఖాళీగా ఉన్నా వెళ్ళి తుంపర కుర్చీలో కూర్చున్నాడు. తుంపర గుడ్డ విప్పి మెడ దగ్గరికి తెచ్చాడు.

ఇంజినీరు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇప్పుడే కట్టకు. ముందు పాట పెట్టు."

మామయ్య కత్తి సానపట్టడం ఆపాడు. టైలరు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంజినీరు కళ్ళు మూసుకుని పాటంతా విన్నాడు. చివరి 'చూస్తున్నాం' అయిపోయాకే కళ్ళు తెరిచాడు.

"ఎలా... ఎలా ఉంది సార్?"

"నన్ను తిట్టిందే బాగుండేది," అన్నాడు ఇంజినీరు. "దానికి ప్రాస చక్కగా పడింది. మా ఆవిడకి కూడా అదే నచ్చింది, ఇంట్లో అదే పాడుతోంది. దీనికి కాలు కుంటి." అద్దంలోంచి తుంపర వంక చూశాడు. "కానీ ఇది నిజం. బాగుంది. దీన్నే ఉంచు."

తుంపర తలెత్తి స్పీకర్ వంక చూశాడు. తర్వాత మామయ్య వంక చూశాడు. దాన్ని దించడానికి తెచ్చిన స్టూలుని మామయ్య ఎప్పుడో వెనకగదిలో పడేశాడు.

"ఊఁ, ఇక కట్టు," అన్నాడు ఇంజినీరు మెడ చాస్తూ. "కత్తి ఆనించాక మాత్రం ఇంకేమీ అడక్కు."