ఆరని అచ్చు

వరుస తప్పితే ఏమీ అనుకోకండి. ఈమధ్య నాకు ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు గుర్తొస్తోంది. వాళ్ళు ఇల్లు చూడ్డానికి వెళ్ళింది వానలోనా, వాన వెలిశాకనా అని తేల్చుకోలేక రెండుసార్లు కాగితం చించేశాను. వానలోనే అయ్యుండాలి. ఎండలో ఇల్లు చూడొద్దని మా చెల్లెలు అందరికీ చెప్పేది. ఎండలో ఏ ఇల్లయినా ఫొటోకి నిలబడ్డ మనిషిలా నవ్వుతూనే ఉంటుందట.

మా చెల్లెల్ని ఊరంతా అచ్చుల పిన్ని అనేవారు. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీసి అమ్మేది. అది కాక ఇంకో పని కూడా ఉండేది. ఇల్లు కొనబోయేవాళ్ళు కుళాయిలు తిప్పి చూసినట్టు, అలమర్లు తెరిచి వాసన చూసినట్టు, ఆమెని పిలిచి గోడల అచ్చు తీయించేవారు. తడి కాగితం గోడకి అంటించి, చెక్క గరిటె వెనకవైపుతో గుండ్రంగా రుద్దితే, గోడ తన లోపల ఉన్నది కాగితానికి ఇచ్చేస్తుంది. రంగేమీ పూయక్కర్లేదు. గోడలో ఉన్న నలుపే పైకొస్తుంది.

ఆ రోజు పిలిచింది ఓ పరదాల కొట్లో పనిచేసే అమ్మాయి. పరదాలు కుట్టడమే కాక, ఏ గదికి ఏ రంగు నప్పుతుందో కొట్టుకొచ్చినవాళ్ళకి చెప్పేది. పదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు సర్దుతూ, తాను మాత్రం రెండు అద్దె గదుల్లో ఉంది. మొగుడు కళ్ళద్దాల షాపులో గుమాస్తా. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయింది. ఉద్యోగం పోయినా చెవి పోలేదు. ఎక్కడ ఎవరు మాట్లాడినా సగం విని, తక్కిన సగం తానే కలిపేసుకునేది. ఆ రోజు మోకాళ్ళ నొప్పని ఇల్లు చూడ్డానికి రాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను మళ్ళీ మర్చిపోతానేమో.

"గోడలు ఇనుమేనండీ, అచ్చులెందుకు, టైము దండగ" అన్నాడు బ్రోకరు.

"ఇనుమైతే నీకు భయమెందుకు బాబూ? ఆ బకెట్టు ఇలా జరుపు" అంది అచ్చుల పిన్ని.

హాలు గోడలు తెల్లగానే వచ్చాయి. వంటగది గోడ మీద పాత కిటికీ ఒకటి, ఎప్పుడో పూడ్చేసింది, మసగ్గా వచ్చింది. పొద్దుటి వెలుతురు పడే వెనక గదిలో, పొడుగు గోడకి కాగితం అంటించి రుద్దుతుంటే గరిటె ఓ చోట ఆగింది. పిన్ని మూల పట్టుకుని మెల్లిగా ఒలిచింది. కాగితం మీద పైనుంచి కిందిదాకా నల్లటి పగులు, దానికి కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు. పైకి చూస్తే గోడ గుడ్డుపెంకులా నున్నగా ఉంది. బ్రోకరు తన బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

గోడకి ఎదురుగా పెట్టి తీసిన అచ్చులో కుడి ఎడమవుతుంది కదా. అందుకని పిన్ని ఆ తడి కాగితాన్ని ఇంకో కాగితం మీద బోర్లించి మళ్ళీ రుద్దింది. రెండోదాంట్లో అన్నీ సరిగ్గా వచ్చాయి. గోడకి కుడివైపున్న పగులు బొమ్మలోనూ కుడివైపే. ఎప్పుడూ ఈ రెండోదే ఇచ్చేది.

కొట్లో పనిచేసే ఆ కోడలు దాన్ని చూస్తూ ఉండిపోయింది. "ఇది పగుల్లా లేదు పిన్నీ. పైనుంచి చూసిన ఏరులా ఉంది."

"నలుపు చూడకు. నలుపు ముట్టుకోకుండా వదిలేసిన తెలుపు చూడు. ఏటవాలుగా వెలుతురుకి పట్టు. కాగితం ఎక్కడ లోపలికి దిగిందో కనపడుతుంది. అచ్చుని కళ్ళతో సగమే చూస్తాం, మిగతా సగం వేళ్ళతో."

"నాకివ్వు పిన్నీ, గోడకి పెట్టుకుంటాను."

"పెట్టుకో. కానీ గోడ నలుపు తొందరగా ఆరదు. ఆరేదాకా అద్దం వేయకు. ఏ గోడ అచ్చు ఆ గోడ మీదే ఆరాలి. మొహం మాత్రం గదివైపు ఉండాలి. గోడవైపు తిప్పావంటే మళ్ళీ గోడకి అప్పగించినట్టే, అదీ తిరగేసి. ఆరాక వచ్చి సంతకం పెడతాను."

మేస్త్రీ వచ్చి చూశాడు. పగులు పాతదే, వానలు పోయాక విప్పి కడతానన్నాడు. అందాకా ఆ కుడివైపు బీరువా ఆనించి ఉంచండి, మనుషులు ఆ పక్క పడుకోకండి అన్నాడు. ఆ మాట మీద ఇల్లు కొన్నారు.

ఆ గదిని కోడలు అత్తగారికిచ్చింది. పొద్దుటి వెలుతురు అక్కడే కదా. మూడు గోడలకి లేత పసుపు వేయించి, అచ్చు తీసిన గోడని తెల్లగా ఉంచింది. ఆ గోడకే కుడివైపు బీరువా, ఎడమవైపు తల ఆనేలా టేకు మంచం, చేయి చాస్తే అందేలా రేడియో. కిటికీకి రెండు పొరల పరదా, లోపలిది పల్చగా, బయటిది మందంగా. గోడ మధ్యలో, మంచానికీ బీరువాకీ నడుమ, చెక్కపట్టీకి రెండు క్లిప్పులు పెట్టి బొమ్మ వేలాడదీసింది.

అత్తగారు గడపలో నిలబడి చూసింది. "బాగుంది. ఆసుపత్రిలో స్పెషల్ వార్డులా ఉంది."

"మీకు నచ్చకపోతే రంగు మారుస్తాను అత్తయ్యా."

"నాకు నచ్చేదేంటి, నాలుగు రోజులుండేదాన్ని. ఆ పగిలిన గోడ బొమ్మ కూడా నాకోసమేనా?"

కొడుకు నవ్వాడు. "అది ఆర్టమ్మా."

"ఊరందరికీ కళ్ళద్దాలు అమ్ముతావు, నీ ఇంట్లో ఏముందో నీకు కనపడదు" అంది అత్తగారు.

దిగిన వారానికో పది రోజులకో కోడలు హాల్లో ఫోన్ మాట్లాడుతోంది. అవతల ఆడపడుచు. అత్తగారు గడప దాకా వచ్చింది. "అత్తయ్యని మీ దగ్గరికి పంపుతాం వదినా… ఆ గది ఖాళీ చేయాలి కదా" అన్నంతవరకు విని, చప్పుడు కాకుండా వెనక్కి తిరిగింది. మిగతాది అలవాటు ప్రకారం తానే కలుపుకుంది.

ట్రంకుపెట్టె మంచం కింద నుంచి లాగి తన చీరలు, స్వెట్టరు, ఎక్స్ఛేంజీ వాళ్ళిచ్చిన గడియారం సర్దుకుంది. ఎవరికీ చెప్పలేదు. పొమ్మంటే పెట్టె పట్టుకుని నిలబడాలి తప్ప బతిమాలకూడదని ఆమె పట్టుదల. తర్వాత బొమ్మ వంక చూసింది. పంపేదాకా రోజూ ఈ పగులు చూస్తూ పడుకోమనా? స్టూలు వేసుకుని, మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఎక్కి, బొమ్మని తిప్పి మొహం గోడకి పెట్టి క్లిప్పులు నొక్కింది. ఇప్పుడు తెల్లటి వీపు కనిపిస్తోంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఇంట్లోవాళ్ళు గమనించలేదా అంటారేమో. ఆమె గది తలుపు పగలంతా దగ్గరగా వేసుకునే ఉంచేది. అన్నం పళ్ళెం గడప దగ్గరే అందుకునేది. వానలు పడుతూనే ఉన్నాయి, గోడలు చెమ్మగిల్లుతూనే ఉన్నాయి.

ఓ రోజు పొద్దున్నే అచ్చుల పిన్ని పెన్సిలు చేతిసంచిలో వేసుకుని సంతకం పెట్టడానికి వచ్చింది. అత్తగారు మోకాళ్ళు వాచి, లేవలేక పడుకునే ఉంది. కోడలు తలుపు తోసి, "అత్తయ్యా, పిన్ని వచ్చింది" అంటూ లోపలికి నడిచి ఆగిపోయింది. వెనకే పిన్ని, ఆమె వెనక బూటుకి లేసు కట్టుకుంటూ కొడుకు.

పిన్ని వెళ్ళి కాగితం అంచు పట్టుకుంది. అది గోడకి అతుక్కుపోయి ఉంది. ఒలిచి తిప్పింది. ఆ వైపు కూడా తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు. ఏరు లేదు, కొమ్మలు లేవు. అందరూ ఆ తెల్లకాగితాన్నే చూస్తున్నారు. మా చెల్లెలు మాత్రం గోడని చూస్తోంది.

కుడివైపు, బీరువా వెనక, చేత్తో తడిమింది. కొట్టి చూసింది. గట్టిగా పలికింది, పగులు అక్కడ లేదు. తర్వాత ఎడమవైపుకి వచ్చింది. అత్తగారి తలకి సరిగ్గా పైన, సున్నం మీద, వెంట్రుకంత నల్లగీత. చూస్తుండగానే దానికో కొమ్మ వచ్చింది. కొడుకు వేలు పెట్టి చూశాడు. వేలికి నలుపు అంటింది. తడిగా ఉంది.

"మంచం లాగండి" అంది పిన్ని, చాలా నెమ్మదిగా.

కొడుకు మంచం కోళ్ళు పట్టుకున్నాడు. టేకుది, మనిషితో సహా అంగుళం కదల్లేదు. "అమ్మా, లే. పగులు నీ నెత్తిమీదికొచ్చింది."

"నేను కదలను. గది ఖాళీ చేయించడానికి ఇంత నాటకం దేనికిరా? పొమ్మంటే పోయేదాన్ని. పెట్టె కూడా సర్దుకున్నాను. చూస్కో, మంచం కిందే ఉంది."

కొడుకు వంగి చూశాడు. పెట్టె ఉంది, తాళం వేసి. లేచి బొమ్మ వేలాడిన చోటు వంక చూశాడు. "అసలు బొమ్మ ఎవరు తిప్పారు?" అన్నాడు.

ఆ గదిలో స్టూలు బీరువా పక్కన ఉండేది. ఇప్పుడు బొమ్మ కిందే ఉంది. దాని మీద ఎవరి మోకాళ్ళ నుంచి కారిన మందు నూనె మరక ఉందో నలుగురికీ కనిపిస్తూనే ఉంది. మొహం గదివైపే ఉండాలన్న మాట అత్తగారు ఎన్నడూ వినలేదు. అయినా తాను చేసింది ఏమిటో, పైనున్న ఆ గీత చూస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది. దిండు మీద నుంచి తల ఎత్తలేదు. కళ్ళు మాత్రం గీతకి అతుక్కుపోయాయి.

"నేనే తిప్పాను" అంది కోడలు. "దుమ్ము దులుపుతూ తిప్పాను. మళ్ళీ సరిగ్గా పెట్టడం మర్చిపోయాను."

అత్తగారు దిగ్గున లేచి కూర్చుంది. మోకాళ్ళు, వాపు, పట్టుదల ఏవీ గుర్తులేవు. కోడలి మొహం సరిగ్గా చూడాలని ముందుకి వంగింది. అన్నేళ్ళలో ఎన్ని మాటలు సగం విందో కానీ, ఈ మాట మొత్తం విని కూడా నమ్మలేకపోయింది.

అప్పుడు పడింది. ఇటుక, దానితో ఇంకో రెండు, బోలెడు సున్నం. దిండు మధ్యలో, ఆమె తల చేసిన గుంటలోనే పడ్డాయి. దిండు చిరిగి దూది లేచింది. ఆ దూది తీరుబడిగా దిగి అత్తగారి భుజాల మీద వాలింది. నలుగురూ దూదినే చూస్తూ ఉండిపోయారు. రేడియో దానంతటదే కాసేపు గరగరలాడి ఊరుకుంది.

మొదట కదిలింది కోడలే. అత్తగారి చంకల కింద చేతులు వేసి మంచం దింపింది. అప్పుడు గానీ కొడుకు మంచం లాగలేకపోయాడు.

"పగులు ఇంకా తడిగానే ఉంది" అంది పిన్ని. "పాతదయితే నాకు లొంగేది కాదు. కొత్తగా దిగిందే కాబట్టి ఒలిచేయొచ్చు. కాగితాలు ఎన్నుంటే అన్ని తెండి. గరిటెలు కూడా."

కోడలు పరదాల కొట్టు నుంచి నమూనాలు గీసుకునే కాగితాలు కట్టంతా తెచ్చింది. తడిపి అంటించడం, రుద్దడం, ఒలవడం. మొదటిది కాటుకలా వచ్చింది. తర్వాతది పొగలా. ఆ తర్వాతది తడిసిన బూడిదలా. అత్తగారు కుర్చీ వేయించుకుని, తన చారు గరిటె తెప్పించుకుని, కూర్చున్నంత ఎత్తులో రుద్దింది. కోడలు పై భాగం రుద్దింది.

"ఆ రోజు ఫోన్లో నన్ను పంపేస్తానని ఎందుకన్నావు?"

"మేస్త్రీ వచ్చి గోడ విప్పుతాడు కదత్తయ్యా. ఆ దుమ్ము మీకు పడదు. ఆ నాలుగు రోజులకే."

"నాలుగు రోజులన్న మాట నాకు వినపడలేదు."

"వినేదాకా ఉంటేగా."

అత్తగారు ఇంకాస్త గట్టిగా రుద్దింది. "ఎక్స్ఛేంజీలో నన్ను అందుకే మెచ్చుకునేవారు. సగం వింటే చాలు, లైను కలిపేసేదాన్ని."

"మరి ఈ లైను ఎవరి నెత్తికి కలిపారో చూడండి" అంది కోడలు. మా చెల్లెలు నవ్వు దాచుకోడానికి మొహం అటు తిప్పుకుని కాగితం తడుపుతున్నట్టు నటించింది.

చివరి కాగితం ఒలిచేసరికి దాని మీద ఏమీ లేదు. గోడలోనూ ఏమీ లేదు, పడిన మూడిటుకల చోటు తప్ప. మేస్త్రీ వచ్చి, కొట్టి చూసి, విప్పాల్సిన పని లేదని ఆ మూడు పెట్టి వెళ్ళిపోయాడు. అత్తగారు ఎక్కడికీ వెళ్ళలేదు. ట్రంకుపెట్టె ఖాళీ చేసి, దాని మీద పరుపు కుట్టించి, కిటికీ దగ్గర కూర్చునే బల్ల చేసింది కోడలు.

ఆ అచ్చులన్నీ వసారాలో వరసగా ఉంటాయి, కాటుక నుంచి తెలుపు దాకా. చూడ్డానికొచ్చిన వాళ్ళకి అత్తగారే చూపిస్తుంది. నలుపు కాదు తెలుపు చూడమంటుంది. ఏటవాలుగా నిలబెడుతుంది. చేతులు కడుక్కున్నవాళ్ళనయితే అంచు ముట్టుకోనిస్తుంది. ఆఖరి తెల్లకాగితం మీద కూడా మా చెల్లెలి చేత పట్టుబట్టి సంతకం పెట్టించుకుంది. అన్నిట్లోకీ అదే బాగా వచ్చిందని ఆమె అభిప్రాయం. నాదీ అదే.

ఇదంతా నాకు చెప్పింది మా చెల్లెలు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. చిన్నమ్మడూ, ఇది ముందు చదివేది నువ్వే కనక నీకో పని. నువ్వు ఆ పక్కకి పరదాలు కొనడానికి వెళ్తావు కదా, ఇది పట్టుకెళ్ళి, ఎవరిని ఏమని పిలిచేవారో, నేను ఎవరి పని ఎవరికి అంటగట్టానో సరిచూడు. ఫోను వానల్లో వచ్చిందో తర్వాత వచ్చిందో కూడా అడుగు. బొమ్మ తిప్పింది ఎవరని మాత్రం అడక్కు. నేను అడిగి చూశాను. అత్తగారిని అడిగితే నేనే అంటుంది, కోడలిని అడిగితే నేనే అంటుంది, ఇద్దరూ పక్కపక్కన ఉంటే పోట్లాడుకుంటారు.