పెళ్లికూతురి అక్షరాలు

గాజువాక డీటీపీ సెంటర్లో ఆ ఇంగ్లీషు ఫాంటుని అందరూ పెళ్లికూతురు అనేవారు. బొద్దుగా, నల్లగా నిలబడే గీతలు. వాటిని కలిపేవి మాత్రం వెంట్రుకంత సన్నం. శుభలేఖ మీదో, హోటలు మెనూ మీదో ఆ అక్షరాలు పడితే చవక కాగితానికి కూడా హోదా వచ్చేసేది. కంప్యూటర్ ముందు కూర్చునే ఆశాజ్యోతికి ఆ ఫాంటంటే ప్రాణం. అక్క పెళ్లికార్డు అందులోనే చేసింది.

2006 ఎండాకాలంలో పరవాడ మందుల కంపెనీ నుంచి రమణమూర్తి అనే ఆఫీసరు వచ్చాడు. నైట్రోజన్ నింపే ట్యాంకుకి బోర్డు కావాలి. ‘ప్రమాదం, లోపలికి దిగరాదు’ అని పెద్దగా. ‘ఎవరైనా పడిపోతే కాపాడటానికి కూడా దిగరాదు’ అని కింద చిన్నగా. అంతా ఇంగ్లీషులోనే.

స్క్రీన్ ప్రింటింగ్ చేసే గవర్రాజు మొద్దు అక్షరాలు చూపించాడు.

“లారీ వెనకాల రాతలా ఉందయ్యా. ఫారిన్ వాళ్లు చూడ్డానికి వస్తన్నారు,” అన్నాడు రమణమూర్తి.

ఎవరూ అడక్కుండానే ఆశాజ్యోతి పెళ్లికూతుర్ని తెర మీదికి తెచ్చింది. బావ సన్యాసిరాజు ఆ కంపెనీలోనే కాంట్రాక్టు ఫిట్టరు. రోజూ తన అక్షరాలే చూస్తాడని లోలోపల మురిసింది.

ఆఫీసరు వెళ్లాక గవర్రాజు గొణిగాడు. “ఈ ఎంటికలు రేకు మీద నిలవ్వే పాపా. పెళ్లికూతురి సేత బొగ్గు మోయిత్తన్నావ్.”

“కాగితం మీద బాగానే వచ్చింది కదేటి బాబాయ్!”

“కాగితం సేత్తో పట్టుకుని సదువుతాం. రేకుని ఎవుడు పట్టుకుంటాడు?”

ఆమె నవ్వేసింది.

రెండు నెలల తర్వాత అక్కకి జ్వరమొస్తే బావకి క్యారేజీ తనే పట్టుకెళ్లింది. గేటు ఊచల్లోంచి ట్యాంకు కనబడింది, దాని మీద పసుపు రేకు కూడా. ఉప్పుగాలి, యాసిడ్ ఆవిరి సన్నగీతలన్నిటినీ తినేశాయి. కొన్ని నల్ల గుంజలు మిగిలాయంతే. కింది వరస ఉన్నచోట చీమలు పాకినట్టు చుక్కలు.

“బావా, ఆ బోర్డు మీద ఏటుంది?” క్యారేజీ కోసం గేటు దగ్గరికొచ్చిన సన్యాసిరాజుని అడిగింది.

“ఏటో డిజైను. పందిరి గుంజలు పాతినట్టు. నీ పనేనా ఏటి మరదలా?”

“డేంజర్ అనుంది బావా! ఆ ట్యాంకులోకి దిగకూడదు. అందులో గాలికి వాసనుండదు, ఊపిరాడదు.”

సన్యాసిరాజు మొహంలో నవ్వు పోయింది. “మా హెల్పరు నాగవంశీ అందులోకి ఇప్పుడే దిగినాడే! కడగమని సెప్పినారు.”

క్యారేజీ ఆమె చేతిలోనే ఉంది. అతను వెనక్కి తిరిగి ట్యాంకు వైపు పరుగెత్తాడు.

అప్పుడు ఆశాజ్యోతికి రెండో వరస గుర్తొచ్చింది. అక్షరం అక్షరం తన వేళ్లతో కొట్టిన వరస. ఇప్పుడది ఆమెకి తప్ప ఎవరికీ కనబడదు.

“బావా! నువ్వు దిగొద్దు! దిగొద్దు బావా!”

బాయిలర్ రొదలో కేక కలిసిపోయింది. వాచ్‌మన్ గేటుకి చెయ్యి అడ్డం పెట్టాడు. సన్యాసిరాజు బోర్డు పక్కనుంచే నిచ్చెన ఎక్కి, తెరిచిన ట్యాంకు నోట్లోకి కాళ్లు దించుతున్నాడు.