నేతోళ్ల మిషిను

మా పాలకుర్తి బడిలో పంతులుగారు గుడిదీర్ఘానికీ ఏత్వానికీ తేడా తెలిసేదాకా నా వీపు మీద దిద్దించారు. వీపు నేర్చుకుంది గానీ కళ్లు నేర్చుకోలేదు. ఎనభై ఎనిమిదిలో వరంగల్ స్టేషన్ రోడ్డులో కిషన్ రావు వీడియో గేముల దుకాణం తెరిచి, ‘వేవ్ గేమ్, ఈ రోజు ఉచితం, జంటగా రండి’ అని బోర్డు పెడితే, నేను దాన్ని ‘వీవ్ గేమ్’ అని చదివాను.

వీవర్స్ సొసైటీలో ముప్పై ఏళ్ల సభ్యుణ్ణి. వీవ్ అంటే నేత అని నాకు ఒకరు చెప్పాలా? సర్కారు నేతోళ్ల కోసం ఆట మిషిను పెట్టిందని మా నేతోళ్ల పేట కొత్తవాడ అంతా చాటి ఇంటికి వచ్చాను. కాజీపేట రైల్వేలో పనిచేసే మా బామ్మర్ది వీరభద్రం ఆ పూట మా ఇంట్లోనే ఉన్నాడు.

“నువ్వు చెప్పిన ముచ్చట్లల్ల ఒక్కటన్న నిజమైందా బావా? ఇది గూడ అబద్ధమైతే ఏడాది దాక కథలు బంద్. ఒప్పుకుంటవా?”

అన్నం బంద్ అన్నా నాకంత భయం వేయదు. అయినా మీసం తిప్పి సరేనన్నాను. సొసైటీ కార్డు జేబులో పెట్టుకుని, నా భార్య రాజవ్వనూ వీరభద్రాన్నీ వెంటబెట్టుకుని దుకాణానికి పోయాను. కిషన్ రావు ఆ కార్డును రెండు వైపులా తిప్పి చూశాడు.

“ఇది వీవ్ గాదు పెద్దనాయనా, వేవ్. అంటే అల. రాక్షసులు అలలు అలలుగ వస్తరు, ఇద్దరు కలిసి కొట్టాలె. మొత్తం పది అలలు. పొద్దుగాల్నుంచి కాలేజీ పోరగాళ్లు గూడ ఆరు దాటలే.”

“ఏడాది, బావా,” అన్నాడు వీరభద్రం.

“జర ఆగురా. పదీ మేం దాటితే ఇది నేతోళ్ల మిషినే గదా?”

“దాటు, ఒప్పుకుంట.”

నేనూ రాజవ్వా ఇరవై ఏళ్లుగా ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేల మీద పరిచే షత్రంజీలు నేసినవాళ్లం. ఎడమ అంచు నాది, కుడి అంచు ఆమెది. పోగును నడుమ దాకా నేను తోస్తే అక్కణ్ణుంచి ఆమె అందుకుంటుంది. కాలేజీ పిల్లలేమో ఇద్దరూ ఒకే రాక్షసుడి వెంట పడి, రెండో అంచు గాలికి వదిలేస్తున్నారు.

“నడుమ దాటకు,” అంది రాజవ్వ, నా పక్కన మిషిను ముందు కూర్చుంటూ.

“నీ అంచు నువ్వు చూస్కో.”

ఏడు అలలు ఏడు వరుసల్లా నేసేశాం. మా బటన్ల చప్పుడుకు స్టేషన్‌లో గార్డు పచ్చజెండా ఊపాడంటే మీరు నమ్మరు, అందుకే చెప్పను. ఎనిమిదో అలలో నేను జనం వైపు తిరిగి, “మా తాత గూడ గిట్లనే పులిని...” అన్నానో లేదో, తెర మీద నా మనిషిని మింగేశారు.

“నోరు మూస్తే చేతులు ఆడుతయి గదయ్యా,” అంటూనే రాజవ్వ రెండు అంచులూ తానే కాసింది. తొమ్మిది దాటింది. పది దాటింది. మిషిను పెళ్లి బ్యాండులా మోగింది.

“ఒప్పుకున్న, నేతోళ్ల మిషినే,” అన్నాడు వీరభద్రం. నేను కథకు గొంతు సవరించుకున్నాను. “ఆగు బావా. నువ్వు ఎనిమిదిల్నే సచ్చినవ్. దాటింది అక్క. కథ చెప్పే హక్కు అక్కది.”

అప్పటి నుంచి ఈ ముచ్చట ఎవరికి చెప్పాలన్నా ఆమెను అడగాల్సిందే. ఇప్పుడూ అడిగాను.

“పదో అలల వచ్చినోళ్లు నలభై మంది. నలభై అనే రాయి,” అంది.

అట్లాగే రాస్తున్నాను. ఆ నాలుగు వందల మందీ ఒక్కసారే మీద పడ్డారు.