ఆర్లీనా పాట ఎత్తుకోలేదు

మంగళవారం పొద్దున్నుంచి టెంపీ మూడుసార్లు అడిగింది. ఒంట్లో బాగాలేదు, ఇంటికి పోతానంది. మేస్త్రీ లట్జ్ మూడుసార్లూ ఒకటే మాట అన్నాడు: "ఆ తట్ట అవగొట్టి పో." తట్ట అయ్యేలోపు ఇంకో తట్ట వచ్చి పడేది. అమెరికాలో ఆ కరొలైనా పొగాకు కంపెనీల్లో తట్ట ఖాళీ అవడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, సగం ఈనె తీసిన ఆకు చేతిలో ఉండగానే, టెంపీ బల్ల కిందికి జారిపోయింది.

తట్టలు మోసే మగవాళ్ళిద్దరు ఆమెను ఎత్తుకుపోయి మెట్ల దగ్గర గోతాల మీద పడుకోబెట్టారు. డాక్టరుకి కబురు చెయ్యమని ఎవరో అన్నారు. లట్జ్ గడియారం చూసుకున్నాడు. రెండింటికి కంపెనీ చూడ్డానికి పెద్దమనుషులు వస్తున్నారు.

"ముందు వాళ్ళని చూసి వెళ్ళనీ. ఆర్లీనా, ఎత్తుకో పాట," అన్నాడు.

ఆర్లీనా ఎత్తుకుంది.

ఇదీ జరిగింది. ఎవరూ ఆమె మెడ మీద కత్తి పెట్టలేదు. పదిహేడేళ్ళుగా ఆ మాట వినగానే ఆమె నోరు తెరుచుకుంటోంది, ఆ రోజూ తెరుచుకుంది. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే అంతస్తులో ఉన్న అరవైమంది ఆడవాళ్ళూ అందుకోవడం అక్కడి రివాజు. అందుకున్నారు. నన్ను నది దాటించు ప్రభువా అని వేడుకునే పాట అది. వచ్చిన తెల్లదొరలు గోడ వారన నిలబడి విన్నారు. టోపీ పెట్టుకున్న ఒక దొరసాని కళ్ళు తుడుచుకుంది. ఒక దొర, "మీ జాతికి పాట పుట్టుకతోనే వస్తుంది సుమా," అని మెచ్చుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక పోయి చూస్తే టెంపీ ఒళ్ళు చల్లబడి ఉంది.

ఆర్లీనాకి ఏడుపు రాలేదు. ఇంటికి వెళ్ళింది, మొక్కజొన్న రొట్టె కాల్చుకుంది, నమిలితే గోతాం నమిలినట్టుంది. పొయ్యి మీద వేలు కాలితే, చర్మం కమిలిన వాసన వచ్చాక గాని చూసుకోలేదు. ఆమె తల్లి చిన్నప్పుడే నేర్పింది: తెల్లవాళ్ళ ముందు మొహం నవ్వుతూ ఉంచుకో, నీది ఏదున్నా లోపల దాచుకో. ఆర్లీనా ఎంత జాగ్రత్తగా దాచిందంటే, ఆ రాత్రి వెతుక్కుంటే అక్కడ ఏమీ దొరకలేదు.

పాడినందుకు ఆమెకి దక్కింది కిటికీ పక్క చోటు. ఆకు పెళుసెక్కకుండా మిగతా కిటికీలన్నిటికీ మేకులు కొట్టి బిగించారు. అదొక్కటే జానెడు తెరుచుకుంటుంది. ఆ దుమ్ములో జానెడు గాలంటే ఏమిటో, ఆ దుమ్ము పీల్చినవాళ్ళకే తెలుస్తుంది. లట్జ్ ఆమెను "మా కోకిల" అని అందరికీ చూపించేవాడు. యాభై రెండేళ్ళ మనిషిని "పిల్లా" అని పిలిచేవాడు. ఆమె పలికేది.

ఆదివారం టెంపీని చర్చికి తెచ్చారు. ప్రార్థన అయ్యాక పాస్టరు అలవాటుగా ఆర్లీనా వైపు చూశాడు. ఆమె లేచి నిలబడింది. ముందు బల్ల మీదున్న రాన్సమ్ కూడా లేచాడు. రాన్సమ్ టెంపీ భర్త, అదే కంపెనీ కింది వాకిట్లో పొగాకు పీపాలు దొర్లిస్తాడు. పైన భార్య పోతుంటే కింద పాట వింటూ పని చేసుకున్నాడు. సాయంత్రం కంపెనీ కూత వేసేదాకా అతనికి చెప్పిన నాథుడు లేడు.

"వద్దు పాస్టరుగారూ," అన్నాడు. "ఈమె మొన్నే పాడేసింది. మా ఆడమనిషికి అది చాలు."

ఆర్లీనా కూర్చుంది. పాట లేకుండా మనిషిని మట్టిలో పెట్టడం ఆ చర్చిలో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆ రోజు అలాగే పెట్టారు.

మట్టి పోసి వచ్చాక ఆడవాళ్ళెవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. చర్చి కింది గదిలో చేరారు. టెంపీ పక్కనే కూర్చుని పదేళ్ళు ఈనెలు తీసిన వినీ మొదలుపెట్టింది.

"రేపట్నించి పని మానేద్దాం."

"మానేసి మన్ను తిందామా?" అంది ఓలీ. "నీకేమే, ఒంటి ప్రాణం. నాకు నలుగురు పిల్లలు."

"అమ్మలారా, ఓపిక పట్టండి," అన్నాడు పాస్టరు. "కంపెనీవాళ్ళతో నేను మాట్లాడతాను. వాళ్ళలోనూ మంచివాళ్ళున్నారు."

"ఎందుకు లేరూ! మొన్నొచ్చి కళ్ళు తుడుచుకుపోలా ఒకావిడ!" అంది వినీ. కొందరు నవ్వారు. వినీ నవ్వకుండా ఆర్లీనా వైపు తిరిగింది. "అక్కా, మన పాట వింటే వాళ్ళకేం అనిపిస్తదో ఎప్పుడన్నా అనుకున్నావా? ఈ నల్లోళ్ళు ఇక్కడ సుఖంగా ఉన్నారు, అంతే. రోజూ రాగాలు తీసి మనమీద మనమే సాక్ష్యం చెప్తన్నాం."

"నోర్ముయ్యవే!" ఓలీ గయ్యిమంది. "పాట ఉండబట్టే చేతులు ఆడతన్నయ్. అదీ లేకపోతే ఆ దుమ్ములో ఎప్పుడో పోయేవాళ్ళం. పాట మనది. మా అమ్మమ్మది. వాడిదా?"

"మనదైతే," అంది ఆర్లీనా, "వాడు ఎత్తుకోమంటే నేనెందుకు ఎత్తుకున్నా?"

ఆమె గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"టెంపీ అక్కడుందని నాకు తెలుసు. తెలిసే పాడాను. భయపడి కూడా కాదు, అలవాటు. ఇంకోటి చెప్తాను వినండి. మీ జాతికి పాట పుట్టుకతో వస్తదని ఆ దొర అన్నాడే, అప్పుడు నాకు లోపల సంతోషమేసింది. టెంపీ గోతాల మీద పడుంటే సంతోషమేసింది. యాభై రెండేళ్ళకి నేనెవర్నంటే, తెల్లోడు మెచ్చుకున్నదాన్ని. అంతకుమించి నాకేం తెలవదు."

రాన్సమ్ గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. అతని మొహం చూడటానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

"మంగళవారం మళ్ళీ ఎవరో వస్తన్నారంట. నేను ఎత్తుకోను," అంది ఆర్లీనా. "ఇది నల్లదాని నోరు. నల్లదే తెరవాలి, నల్లదే మూయాలి."

"కిటికీ పోద్ది మరి," అంది ఓలీ.

"పోనీ. దానికేగా ఇన్నాళ్ళు అమ్ముడుపోయింది."

"నువ్వు కాకపోతే ఇంకోళ్ళ చేత ఎత్తిస్తాడు," అన్నాడు రాన్సమ్ గుమ్మంలోంచి. "వాడికి కోకిలలకేం కొదవ?"

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చూపులోనే అసలు సభ జరిగింది. చివరికి ఓలీ మూలిగింది: "నా గొంతెప్పుడూ బాగోదులే. నన్ను లెక్కలోంచి తీసెయ్యండి." ఈసారి నవ్వు నిజంగా వచ్చింది. ఒంట్లో బాగాలేనివాళ్ళని అడగ్గానే ఇంటికి పంపాలి, కిటికీల మేకులు పీకాలి, అప్పటిదాకా పాట లేదు అని తేల్చుకుని లేచారు. పాస్టరు చివరి ప్రార్థన చాలా పొట్టిగా చేశాడు.

మంగళవారం రెండింటికి ఏడుగురు దొరలు, దొరసానులు మూడో అంతస్తు ఎక్కివచ్చారు. లట్జ్ కొత్త టై కట్టుకున్నాడు.

"ఎత్తుకో పిల్లా," అన్నాడు.

ఆర్లీనా ఈనె తీస్తూ ఉంది. అతను ఇంకోసారి అన్నాడు. ఆకులోంచి ఈనె చిరుగుతున్న చప్పుడు ఆ అంతస్తులో మొదటిసారి వినిపించింది. లట్జ్ అతిథుల వైపు నవ్వి, వచ్చి ఆమె చెవిలో గొణిగాడు: "ఆటలుగా ఉందా? ఆ కిటికీ ఎవరిచ్చారో మర్చిపోయావా?"

ఆర్లీనా లేచింది. కిటికీ రెక్క తన చేత్తోనే కిందికి లాగి మూసేసింది. మళ్ళీ కూర్చుని ఇంకో ఆకు తీసుకుంది.

లట్జ్ మొహం ఎర్రబడింది. "ఓలీ, నువ్వెత్తుకో."

"గొంతు బాగాలేదండీ."

"వినీ!"

"బాగాలేదండీ."

అలా ఆ వరసంతా అడిగాడు. వారం తిరక్కుండా అరవై గొంతులు పాడైపోయాయి. బల్ల చివర, పనిలో చేరి నాలుగు రోజులు కూడా కాని ఒక మనిషి భయపడి ఒక్క ముక్క ఎత్తుకుంది. ఎవరూ ఆమెను ఆపలేదు, కసరలేదు. ఎవరూ అందుకోనూ లేదు. ఆ ఒక్క గొంతు అంత పెద్ద గదిలో కాసేపు వణికి ఆగిపోయింది. ఆమె ఆకుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

"ఏమైంది వీళ్ళకి? ఎప్పుడూ సంతోషంగా పాడతారన్నారే?" అని ఒక దొరసాని అడిగింది.

జవాబు ఆర్లీనా చెప్పింది. "పోయిన మంగళవారం టెంపీ క్రౌడర్ అనే ఆమె ఆ మెట్ల దగ్గర ప్రాణాలు వదుల్తుంటే మేం మీలాంటివాళ్ళకి పాడామమ్మా. మూడుసార్లు ఇంటికి పోతానంటే పోనివ్వలేదు. ఇక పాడం. పాడమని ఎవరూ అడగొద్దు." చేతిలో ఆకు బల్ల మీద పెట్టేసింది. అరవైమందీ పెట్టేశారు.

పావుగంటలో పోలీసులొచ్చారు. ఆర్లీనా గొడవ చేసిందని కేసు. నోరు మూసుకున్నందుకు గొడవ కేసు పెట్టడం సర్కారువారికే చెల్లింది. బేడీలు బిగించి వేశారు. తొడిగేటప్పుడు కాలిన వేలికి ఇనుము ఒరుసుకుంది, ఆర్లీనా ప్రాణం జివ్వుమంది. వారం తర్వాత మొదటిసారి ఆమెకి నొప్పి తెలిసింది. దానివెంటే ఏడుపూ వచ్చింది. గోతాల పక్కనుంచి నడిచినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది, దాచుకోలేదు.

రెండో అంతస్తులో ఎప్పటిలాగే పాడుతున్నారు. బేడీలతో ఆమె గుమ్మం ముందుకు రాగానే చరణం మధ్యలో పాట తెగిపోయింది. మొదటి అంతస్తు సంగతీ అంతే.

"ఆ పాడేదానివి నువ్వేనా?" అన్నాడు పోలీసు, వాకిట్లోకి వచ్చాక. "ఏదీ, జైలుదాకా ఒకటి ఎత్తుకో."

"నాకు పాడాలనిపించినప్పుడు పాడతా," అంది ఆర్లీనా.

రాన్సమ్ దొర్లిస్తున్న పీపా ఆపి, దాని మీద కూర్చున్నాడు. అతన్ని చూసి మిగతా మగవాళ్ళూ ఆపేశారు. ఆర్లీనా దగ్గరికి వచ్చేసరికి అతను టోపీ తీశాడు.

"త్వరగా వచ్చెయ్ అక్కా," అన్నాడు. "టెంపీ దగ్గరికి ఎళ్దాం. దానికి పాడుదువుగాని."

ఆమె తలూపింది. పోలీసు ఆమెను బండిలోకి తోశాడు. పైన అన్ని అంతస్తుల్లోనూ చప్పుడు లేదు. రోడ్డుకి అవతల దుకాణాల్లోంచి జనం బయటికి వచ్చి, ఏమైందోనని కంపెనీ వైపు తలలెత్తి చూస్తున్నారు.