ఇంటి మీదుగా వచ్చి పోయిన విమానం

చెన్నై ఆసుపత్రిలో పోయిన అప్పలరాముడు ఆ పొద్దున పెట్టెలో ఇంటికి వస్తున్నాడు. అదే విమానంలో కొడుకు శివాజీ. సముద్రం మధ్య దీవిలో, ప్రోతరాపూర్‌లో పెళ్లాం కాళమ్మ గుమ్మం పట్టుకుని కూర్చుంది.

"బయల్దేరిపోయింది వదినా," అన్నాడు మరిది వరసైన శంకరరావు, ఫోనులో బొమ్మ విమానాన్ని చూపిస్తూ. డెయిరీ ఫార్మ్ పేటలో సిమెంటు కొట్టు ఆయనది. ఇసుక లారీ సంగతి చెప్పినంత ధీమాగా చెప్పాడు. "రెండుంబావు గంటలు, అంతే. ముస్తాబు చేసీయండి."

పెనిమిటి కడసారి చూపుకి ఆడదాన్ని ముత్తయిదువగా కూర్చోబెట్టాలి. ఆ ముఖం చూశాకే గాజులు తియ్యాలి. పక్కింటి ఎరుకమ్మ పసుపు రాసి, పూలు పెట్టి, చేతులనిండా కొత్త గాజులు తొడిగింది.

"మూత తీస్తారు కదా?" అంది కాళమ్మ. "ఎల్లినప్పుడు మూతికి మాస్కు. మొహమే సూడలేదు నేను."

"తియ్యకుండా ఎలాగే? నీ కోసమే గదా తెస్తన్నది," అంది ఎరుకమ్మ.

గాలినడక్కుండా ఒడ్డున మాటివ్వకూడదనేవాడు, చేపల వేటకెళ్లే అప్పలరాముడు. పెళ్లైన కొత్తలో విశాఖలో ఓడెక్కించినప్పుడు కూడా ఎప్పటికి చేరతామో చెప్పలేదు. కాళమ్మకి అది గుర్తొచ్చే వేళకి మబ్బు కొండల మీదకి దిగిపోయింది. రేకుల మీద వాన దబదబా మొదలైంది.

అంతలో చప్పుడు. వీధి వీధంతా తలెత్తింది. విమానం కనబడదు, మోత ఒక్కటే. ఇంటి కప్పు అదిరేలా దగ్గరికొచ్చింది, పైకి లేచిపోయింది. మళ్లీ చుట్టు తిరిగి వచ్చింది. మళ్లీ లేచింది. ఆనక మోత పల్చబడి, వానే మిగిలింది.

శంకరరావు ఫోను దించేశాడు. "ఎనక్కి తిరిగిపోయింది."

"నీ ఫోను సముద్రంలో గిరాటెయ్య!" ఎరుకమ్మ లేచింది. "రెండుంబావు గంటలంట! పెళ్లికూతుర్ని చేసి కూకోబెట్టించినావు. ఇప్పుడీమెనేటి చెయ్యమంటావు?"

ఆయన ఫోను జేబులో వేసుకుని అరుగు దిగాడు.

సాయంత్రం శివాజీ చెన్నై నుంచి ఫోను చేశాడు. "రేపు కూడా మౌసమ్ ఖరాబేనంట అమ్మా, వాన తగ్గదంట. పెట్టె ఇంకాగేలా లేదు. వాసన తేలిపోతంది. ఇక్కడే కానిచ్చీమంటన్నారు."

"మూత తీసి ఫోనులో సూపించరా."



"వద్దమ్మా."

"నువ్వు సూసినావా?"

"సూసినాను."

"అయితే నిప్పెట్టీ, నాయనా."

ఫోను కింద పెట్టి కాళమ్మ చేతులు చాపింది. ఎరుకమ్మ వెనక్కి జరిగింది. "మొహం సూడకుండా నేను తియ్యలేనే. నాకు భయం."

మిగతా ఆడవాళ్లూ తలలు దించుకున్నారు. కాళమ్మే రెండు చేతులూ ఎత్తి గడప మీద కొట్టుకుంది.

కొత్త గాజులు. ఒక్క దెబ్బకి పగల్లేదు.