ఇంకొక్క టక్

మా అత్తవారింట్లో తాళం వేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మావారు వేస్తారు, మామయ్య లాగి చూస్తారు, ఆయన సరిగ్గా లాగారో లేదోనని అత్తయ్య మళ్ళీ లాగుతారు. మేం సినిమాకి చేరేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది. ఇంత జాగ్రత్త గల కుటుంబానికి ఆ ఆదివారం పొద్దున కారు వెనక తగిలించిన ట్రైలర్ మీద పడవను సాగనంపే భాగ్యం దక్కింది.

పడవ మా వదినది, అంటే మావారి అక్కది. వెనక షెడ్డులో రెండేళ్ళు ఒక్కతే కూర్చుని చెక్క చెక్కా అతికి చేసుకుంది. నది దిగువన పడవలు తయారుచేసే ఆయన, “నీ చేత్తో చేసింది ఒకటి తెచ్చి చూపించు. నచ్చితే పనీ ఇస్తాను, ఉండటానికి గదీ ఇస్తాను” అన్నాడట. మధ్యాహ్నంలోగా తీసుకెళ్ళాలి. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ ఎంత సంతోషమంటే, సరిగ్గా అన్నం తిన్నవాళ్ళు లేరు.

వదినే దాన్ని ఎక్కించింది. అడుగున దుప్పటి చుట్టిన దిమ్మలు పెట్టింది. పడవ ముక్కును ట్రైలర్ ముందున్న స్తంభానికి ఆనించి ఒక పట్టీ కట్టింది. వెనక భాగం మీదుగా అడ్డంగా ఇంకోటి వేసి, అంచు ఒరుసుకోకుండా కింద పాత తువ్వాలు దూర్చింది. ఆ పట్టీకో ఇనప పిడి ఉంది. ఎత్తి దించిన ప్రతిసారీ టక్కుమని పట్టీ కాస్త బిగుస్తుంది. చివర్లో పడవను చేత్తో ఊపింది. ట్రైలర్ కూడా దాంతోపాటే ఊగింది.

“చాలు. ఇంక దీన్నెవరూ ముట్టుకోకండి. ఇంతకంటే బిగిస్తే చెక్క ఓర్చుకోదు,” అని చెప్పి బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఎవరూ ముట్టుకోలేదు, మామయ్య తప్ప. “కాస్త వదులుగా ఉన్నట్టుందే,” అని ఒక టక్ వేసి, ఏమీ ఎరగనట్టు మొక్కల వైపు వెళ్ళిపోయారు.

తర్వాత మావారు వచ్చారు.

“ఏవండీ, వదిన వద్దంది కదా!”

“దారంతా గుంతలు. నీకేం తెలుసు?”

నిజమే, నాకేం తెలుసు? సీసా మూత తీయడానికి నన్ను పిలిచే మహానుభావుడు రెండు టక్కులు వేసి, చేతులు దులుపుకుని మరీ చూశారు.

ఆఖరున అత్తయ్య. రెండు చేతులతో పిడి పట్టుకుని, పళ్ళు బిగబట్టి, “ఇంకొక్కటి” అన్నారు.

“అత్తయ్యా, వద్దండీ!”

టక్. ఆ వెనకే ఫట్.

వదిన పరుగున వచ్చింది. అంచు చెక్క జానెడు మేర చీలింది.

“నేనొక్కసారే,” అన్నారు మామయ్య.

“చెక్క నాసిరకం అయ్యుంటుంది,” అన్నారు మావారు.

“నోరు ముయ్యండి,” అన్నాను. పెళ్ళయ్యాక ఆ మాట అనడం అదే మొదలు. హాయిగా అనిపించింది.

వదిన ట్రైలర్ అంచున కూలబడింది. “రెండేళ్ళమ్మా,” అంది.

అత్తయ్య పిడి వదల్లేదు. “చేతులు ఆగలేదే. పడవ జారుతుందని కాదు, నువ్వెళ్ళిపోతున్నావని. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడను?” అని భోరుమన్నారు.

నేనక్కడే ఉన్నాను, మూరెడు దూరంలో. ఫరవాలేదు, నాకూ ఏడుపే వచ్చింది.

వదిన కళ్ళు తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళింది. జిగురు డబ్బా, బిగింపు పట్టకారులు, సన్నటి చెక్కముక్క తెచ్చి కారులో పడేసింది.

“ఆయన కళ్ళ ముందే అతుకుతాను. బాగుచేయడం కూడా పనేగా. అమ్మా, నువ్వే వదులు చెయ్యి.”

అత్తయ్య పట్టీ మొత్తం ఊడదీసేశారు.

“అంత కాదమ్మా! పడవ రోడ్డు మీద పడుతుంది!” వదిన ఏడుస్తూనే నవ్వేసింది. చీలికకు దూరంగా పట్టీ జరిపి, తల్లి చేతి మీద తన చెయ్యి వేసి బిగించి, ఊపి చూపించింది. “ఇదిగో, ఇంతే చాలు.”

కారు మలుపు తిరిగింది. అత్తయ్య గేటు మూశారు. లాగి చూడటానికి మామయ్య అలవాటుగా చెయ్యి చాపారు.

“తాళమేదీ?”

“ఉండనివ్వండి. అది ఎప్పుడొచ్చినా బయట నిలబడకూడదు,” అని అత్తయ్య లోపలికి వెళ్ళిపోయారు.

మామయ్య చాపిన చెయ్యి మెల్లగా జేబులో పెట్టుకున్నారు.